గోధుమరంగు ట్యూనిస్ బొమ్మ: ఇది ఫోటోనా, అచ్చా?

పాతకాగితం (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో, అట్టలూడిన ఒక ఫ్రెంచి వ్యాకరణం మధ్య, ఎవరో మడత పడకుండా దాచిన బొమ్మ ఒకటి దొరికింది. సుమారు తొమ్మిది అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు, ముదురు గోధుమరంగు. నల్లని మేకులతో ముగ్గు పెట్టినట్టు నగిషీ చేసిన పెద్ద తలుపు, ఆ తలుపు ముందు గడప మీద కూర్చున్న ఒక స్త్రీ, ఆమె మోకాలికి ఆనించిన మట్టి కూజా. కింది అంచున ఒక సంఖ్య, దాని పక్కన ఫ్రెంచిలో ‘ట్యూనిస్’ (ఉత్తర ఆఫ్రికాలోని నగరం) అనే మాట ఉన్నాయి. ఆ కిందనున్నది ఎవరో కత్తిరించేశారు.

అమ్మిన ఆయన ఇది వందేళ్ళ నాటి అసలు ఫోటో అన్నాడు. నాకు రెండు సందేహాలున్నాయి. ఇది నిజంగా ఫోటోనా, లేక ముద్రించిన బొమ్మా? రెండవది, ఆ స్త్రీ నిజంగా తన ఇంటి గడప మీద కూర్చుందా, లేక ఎవరైనా కూర్చోబెట్టారా? మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే రెండవదానికి కూడా దారి దొరుకుతుందేమోనన్న ఆశతో ఇక్కడ అడుగుతున్నాను.

నిర్వాహకులు

ధర ఎంత పలుకుతుందన్న ప్రశ్నలను దయచేసి ఈ చర్చలోకి తీసుకురావద్దు. వాటికి వేరే చర్చ ఉంది.

రాగిరేకు (విశాఖపట్నం)

పాతకాగితం గారూ, నేను ఇరవై ఏళ్ళుగా రాగిరేకుల మీద ఎచింగ్ చేసి, అంటే రేకును రసాయనంతో తినిపించి బొమ్మ చెక్కి, అచ్చులు తీస్తున్నాను కనుక మీ మొదటి ప్రశ్నకు దారి చెప్పగలను. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి సంపాదించి, ఆమె చెంప మీద వెలుగు నీడలోకి జారే చోట పెట్టి చూడండి.

బొమ్మ కాగితం పైన సన్నని మెరుపు పొరలో ఉన్నట్టు, ఆ పొర కొంచెం పసుపెక్కి, వెంట్రుకవాసి పగుళ్ళతో కనిపిస్తే అది ఆల్బుమెన్ ఫోటో. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన పద్ధతి అది. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించి, దాని మీద వెండి లవణం పూసి, నెగెటివ్ కింద ఎండలో పెట్టేవారు. ఆ రోజుల్లో ఫోటో అంటే సగం వంటిల్లే. 1880లలో డ్రెస్డెన్‌లోని ఒక్క కార్ఖానాలోనే రోజుకు 60,000 గుడ్లు పగలగొట్టేవారట. నైలు తీరంలో తీసిన పిరమిడ్లన్నీ జర్మనీ కోళ్ళ పుణ్యమని మా గురువుగారు నవ్వుతూ అనేవారు.

అలా కాకుండా బియ్యపు నూక చల్లినట్టు సన్నని, క్రమం లేని గరుకు కనిపిస్తే అది ఫోటోగ్రావ్యూర్, అంటే ఫోటోను రాగిరేకు మీదికి చెక్కి తీసిన అచ్చు. వాన పాములు మెలికలు తిరిగినట్టు గజిబిజి గీతలు కనిపిస్తే కాలోటైప్ (collotype), అంటే గాజు పలక మీది జెలటిన్ నుంచి తీసిన అచ్చు. చుక్కలు గళ్ళ చీరలా వరుసగా ఉంటే హాఫ్‌టోన్; అప్పుడు అది ఏదో పుస్తకంలోంచో పత్రికలోంచో చించిన పేజీ. వీటితో పాటు వేలి కొసతో అంచు చుట్టూ తడిమి, నొక్కుడు గాడి ఏదైనా తగులుతుందేమో చూడండి.

పాతకాగితం

భూతద్దం గడియారాల మరమ్మతు చేసే మిత్రుడి దగ్గర అరువు తెచ్చాను. మెరుపు పొర లేదు, చుక్కల వరుస లేదు. మీరన్నట్టే నూకలాంటి గరుకు ఉంది, తలుపు నీడలో సిరా కాగితం లోపలికి దిగి మఖమల్‌లా కనిపిస్తోంది. మూడు వైపులా వేలికి గాడి తగులుతోంది. కింద కత్తిరించారు కనుక అక్కడ లేదు.

రాగిరేకు

అయితే సందేహం లేదు, మీ చేతిలో ఉన్నది ఫోటోగ్రావ్యూర్. ఫ్రెంచివారు దీన్నే హీలియోగ్రావ్యూర్ అనేవారు. కాంతితో లోహపు రేకును చెక్కే ఆలోచనకు 1852లోనే ఇంగ్లండులో టాల్బట్ పేటెంటు తీసుకున్నాడు. దానిని అచ్చు పనివాడి చేతికి అందేటట్టు చక్కబెట్టింది 1879లో వియన్నాలో కారెల్ క్లీచ్.

పని ఎలా జరుగుతుందో చెబితే మీ రెండవ ప్రశ్నకు కూడా కొంత జవాబు దొరుకుతుంది. రాగిరేకు మీద రోజిన్ (చెట్టు బంక) పొడి మంచులా రాలేటట్టు చేసి, వేడి చేసి అంటిస్తారు. నూక గరుకుకు మూలం ఆ పొడే. పొటాషియం డైక్రోమేట్ పట్టించిన జెలటిన్ కాగితాన్ని ఫోటో పాజిటివ్ కింద వెలుతురులో ఉంచితే, వెలుతురు తగిలిన మేరకు జెలటిన్ గట్టిపడుతుంది. దానిని రేకుకు అంటించి, వేడి నీటితో గట్టిపడని భాగం కడిగేసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. జెలటిన్ పలుచగా ఉన్న చోట ద్రవం ముందుగా దిగి రాగిని లోతుగా తింటుంది, అక్కడ సిరా ఎక్కువ నిలిచి నలుపు వస్తుంది. ఆపైన రేకుకు సిరా పూసి, పలుచని గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. మీ వేలికి తగిలిన గాడి ఆ రేకు అంచు వదిలిన గుర్తే.

ఫోటో తీయడానికీ అచ్చు చేతికి రావడానికీ మధ్య ఆ రేకు కొన్ని రోజులు పనివాడి బల్ల మీద ఉంటుందని మర్చిపోవద్దు. నచ్చని నీడను సానపట్టి తేలిక చేయవచ్చు, నచ్చిన మడతను సూదితో ముదురు చేయవచ్చు. మీ బొమ్మలో కూజా అంచున తెల్లని మెరుపు మరీ శుభ్రంగా ఉంటే అది ఎండ పెట్టిన మెరుపు కాకపోవచ్చు.

బొగ్గుగీత (రాజమహేంద్రవరం)

నేను కళాశాలలో ఐరోపా చరిత్ర చెబుతాను. రాగిరేకు గారు అచ్చు పనివాడి బల్ల గురించి చెప్పిన మాట ఈ మొత్తం వ్యవహారం పుట్టిన నాటి నుంచీ నిజమే. ఫోటోగ్రఫీ కనిపెట్టిన తొలివారిలో ఒకడైన ఫ్రెంచివాడు దాగేర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించింది 1839 ఆగస్టులో. అదే ఏడాది నవంబరు 7న ఓరాస్ వెర్నే అనే చిత్రకారుడు, అతని శిష్యుడు గూపిల్ ఫెస్కే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పాలకుడు ముహమ్మద్ అలీ అంతఃపురం ద్వారాన్ని దాగేరోటైప్ తీశారు. అంటే ఫోటోగ్రఫీ ఆఫ్రికాలో అడుగు పెట్టిన మొదటి వారంలోనే అది నిలబడింది జనానా తలుపు ముందు. లోపలికి ప్రవేశం లేదు కనుక తలుపును పట్టుకువచ్చారు. ఆ తరువాత వందేళ్ళ పాటు ఈ బొమ్మల వ్యాపారం ఆ తలుపు వెనుక ఏముందో ఊహించి అమ్మడంగానే సాగిందని నా అభిప్రాయం.

దాగేరోటైప్ వెండి రేకు మీద పడే ఒకే ఒక్క బొమ్మ, దానికి నకలు తీయడం కుదరదు. అందుకని పారిస్‌లో లెరెబూర్ అనే కళ్ళద్దాల వ్యాపారి 1840-44 మధ్య అలాంటి రేకుల నుంచి గీతలు ఎత్తి రాయించి, ఆక్వాటింట్ (పొడి గరుకుతో నీడలు తెచ్చే ఎచింగ్) పద్ధతిలో రాగి మీద చెక్కించి, నూరుకు పైగా బొమ్మలను సంపుటాలుగా ప్రచురించాడు. రేకు మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది, కనుక వీధిలో నడిచే మనిషి అందులో కనిపించడు. ఖాళీ వీధులు కొనేవారికి రుచించవని చెక్కినవారు తలపాగాల మనుషులను, ఒంటెలను, కుక్కలను తామే చేర్చారు. ఆ అచ్చుల్లో గోడ కెమెరా చూసినది, దాని ముందు నిలబడిన మనిషి పారిస్‌లో పుట్టినవాడు.

కాగితపు నెగెటివ్ వచ్చాక కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1849-51లో నవలాకారుడు ఫ్లోబేర్‌తో కలిసి ఈజిప్టు తిరిగిన మాక్సిమ్ ద్యూ కాన్ తీసిన 125 బొమ్మలను 1852లో పైన చెప్పిన బ్లాంకార్ ఎవ్రార్ లీల్ దగ్గరి తన ముద్రణాలయంలో అచ్చు వేశాడు. వాటిలో అబూ సింబెల్ రాతి విగ్రహాల మీదా గుడి స్తంభాల పక్కనా కొలబద్దలా కనిపించే మనిషి ఒకడున్నాడు. అతడు హాజీ ఇస్మాయిల్ అనే నూబియా నావికుడు. కదలకుండా ఉంచడానికి అతడితో, కెమెరాకున్న ఇత్తడి గొట్టం ఫిరంగి అనీ, కదిలితే గుండ్లు కురుస్తాయనీ చెప్పానని ద్యూ కాన్ స్వయంగా రాసుకున్నాడు, అదీ ఒక చమత్కారంగా. ఈ బొమ్మల్లో కనిపించే వేల మందిలో పేరు మిగిలినవాడు ఆయన ఒక్కడేనేమో అనిపిస్తుంది నాకు.

ఎడారిగాలి (ప్రస్తుతం అల్జీర్స్)

నేను నిర్మాణ పనుల మీద ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళయింది. పాత పోస్టుకార్డులు సేకరించడం ఇక్కడే అలవాటయింది. పాతకాగితం గారి రెండవ ప్రశ్నకు నా దగ్గర సూటిగా సాక్ష్యం చెప్పే రెండు కార్డులున్నాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే స్త్రీ. అవే నాణేల దండలు, అదే ఎడమ కనుబొమ్మ దగ్గరి పచ్చబొట్టు, వెనుక చాప కూడా అదే, దాని మూల అలాగే చిరిగి ఉంది. ఒక కార్డు కింద ‘మూర్ స్త్రీ’ అని ఉంటే మరొకదాని కింద ‘బెదుయీన్ స్త్రీ’ అని ఉంది. నగరంలో మేలిముసుగులో తిరిగే స్త్రీకీ, మందలతో తిరిగే స్త్రీకీ తేడా తెలియనివాడు అచ్చు వేసిన పొరపాటు కాదిది. డబ్బిచ్చి పిలిపించిన ఒక్క స్త్రీతో కేటలాగులో రెండు గళ్ళు నింపుకున్నారు. అల్జీరియా కవి మాలెక్ అలూలా 1981లో వెలువరించిన పుస్తకం నిండా ఇలాంటి పోలికలే. స్టూడియోలోనే కిటికీ ఊచలు కట్టి, వాటి వెనుక స్త్రీని నిలబెట్టి అంతఃపురమని అమ్మిన సంగతి అందులో చదివాక నా పెట్టెలోని కార్డులన్నీ మళ్ళీ తిరగేశాను.

ఈ కార్డులు చాలావరకు కాలోటైప్‌లు. గాజు పలక మీద డైక్రోమేట్ కలిపిన జెలటిన్ పోసి ఆరబెడితే అది సన్నగా ముడతలు పడుతుంది, ఆ ముడతలే రాగిరేకు గారు చెప్పిన వాన పాముల మెలికలు. పలక మీద వెయ్యి, రెండు వేల అచ్చులకు మించి తీయడం కష్టం, కానీ రాగిరేకు కన్నా ఎంతో చవక. పారిస్‌లోని నర్దీన్ సోదరులు, లెవీ కంపెనీ, ఇక్కడి జాన్ గీసర్ వంటివారు ‘దృశ్యాలు, రకాలు’ అన్న శీర్షికతో ఇవి గుట్టలుగా వేశారు. ‘రకాలు’ అన్న మాటను గమనించండి. బియ్యానికి, వంకాయలకు వాడే మాట.

ఒక కార్డు వెనుక ఉత్తరం ఉంది. ఫ్రాన్సులో వెనుకవైపు చిరునామాతో పాటు కబురు కూడా రాయడానికి అనుమతి వచ్చింది 1904 నుంచి, కనుక అది అంతకు ముందుది కాదు. రాసినవాడు సిపాయి. వాన పడుతోందని, సాక్సులు అందాయని, అక్కకు ముద్దులని రాశాడు. బొమ్మ గురించి ఒక్క ముక్క లేదు. తపాలా బిళ్ళ మాత్రం బొమ్మ వైపే అంటించాడు, సరిగ్గా ఆమె భుజం మీద. దాని మీద పడిన తపాలా ముద్ర ఆమె మెడ దాకా పాకింది.

మగ్గంగుంట (చీరాల)

పెద్దలు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట అడ్డం వేస్తున్నాను. మాది నేతవారి కుటుంబం. ఎడారిగాలి గారు ఇంతకు ముందు వేరే చర్చలో పెట్టిన నేత నేసే స్త్రీ కార్డును దించుకుని, తెర మీద పెద్దది చేసి చూశాను. ఆ మనిషి నటిస్తోందని నాకు మొదటి చూపులోనే తెలిసింది. అక్కడి మగ్గం నిలువుది. గుంట మగ్గం మీద పేక నూలును అటూ ఇటూ దాటించడానికి మనం వాడే నాడె అక్కడ ఉండదు, పేక నూలును వేళ్ళతోనే పడుగు మధ్య దూర్చి, బరువైన ఇనుప దువ్వెనతో కిందికి కొడతారు. ఈ కార్డులో ఆమె దువ్వెనను ఎప్పుడో నేసి, గట్టిపడిపోయిన బట్ట మీద ఆనించి పట్టుకుంది. అక్కడ కొట్టవలసిన పోగు ఏదీ లేదు. రెండవ చేతిలో నూలుండ ఉంది కానీ దాని కొస ఎక్కడికీ పోవడం లేదు. కెమెరా వైపు చూడమన్నారు, చూసింది.

అయితే మగ్గం మాత్రం అబద్ధం ఆడడం లేదు. పై దూలానికి పడుగు కట్టిన ముడి, పోగులను వేరు చేసే రెల్లు కర్ర, బట్ట వెడల్పు తగ్గకుండా పక్కలకు లాగి కట్టిన తాళ్ళు, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. సగం నేసిన ఆ బట్టను ఎవరో నిజంగా నేస్తుండగా లేపి, ఈమెను కూర్చోబెట్టి ఉంటారు. ఆ లేచి పక్కకు వెళ్ళిన మనిషి పని ఈ కార్డులో భద్రంగా ఉంది. కల్పన కనుక పనికిరాదని ఇలాంటివన్నీ పక్కన పడేస్తే ఆమె రెండవసారి పక్కకు పోతుంది. ఈజిప్టులో తోలుతిత్తి భుజాన వేసుకుని నీళ్ళు మోసేవారి బొమ్మలు సైతం అంతే. పోర్ట్ సయిద్‌లోని జాంగాకీ సోదరులు, కైరోలోని లెకేజియన్ వారిని ఎలా నిలబెట్టి తీసినా, తిత్తి మూతి ఎలా బిగించారో, తోలుకు కుట్టు ఎక్కడ పడిందో అందులో కనిపిస్తుంది.

బొగ్గుగీత

మగ్గంగుంట గారూ, మీ మాటకు నేను ఎదురు చెప్పను. కాకపోతే మీరు ఆ మగ్గాన్ని చదవగలిగింది మగ్గం మీకు తెలుసు కనుక. ఈ కార్డులు వెళ్ళింది నాడె ఎలా ఉంటుందో కూడా తెలియని ఇళ్ళకు. వారు చదివింది కింద అచ్చు వేసిన రెండు మాటలనే.

ఎవరు తీశారన్నదానితో పాటు ఎవరి అనుమతితో తీశారన్నది కూడా చూడాలి. అల్జీరియాను విస్తారంగా ఫోటో తీసిన తొలివారిలో ఒకడైన ఫెలిక్స్ మూలాన్ 1856-57లో సైనిక అధికారుల సాయంతో దేశమంతా తిరిగాడు. అంతకు ముందు 1851లో అశ్లీల చిత్రాలు అమ్మిన నేరానికి పారిస్‌లో నెల రోజులు జైలులో ఉన్నవాడు అతడే. పారిస్‌లో జైలు తెచ్చిన చూపు సముద్రం దాటగానే దేశ పరిచయం అయింది.

అదే కాలంలో అక్కడివారి చేతుల్లోనూ కెమెరాలున్నాయి. ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిక్ 1861లోనే మదీనాను ఫోటో తీశాడు. ట్యూనిస్‌లో అల్బేర్ సమామా షిక్లీ తన ఊరి జనాన్ని ఫోటోలు తీసి, తరువాత సినిమాలు కూడా తీశాడు. వారి బొమ్మలు కార్డుల దుకాణాలను నింపలేదు.

మన వైపు కూడా ఇదంతా జరిగింది. 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘భారతదేశ ప్రజలు’ అనే ప్రభుత్వ ప్రచురణలో ఆల్బుమెన్ ఫోటోలను చేత్తో అంటించి, కింద కులం పేరు రాశారు. మద్రాసు కార్డుల మీద మనవాళ్ళు కూడా ‘రకాలే’. దీనికి ఎదురుగా పెట్టి చూడదగినది హైదరాబాదులోనే ఉండేది. 1892లో లాలా దీన్ దయాళ్ ఇక్కడ జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు. ఘోషా స్త్రీలు తమ కోసం, తమవారి కోసం అక్కడ ఫోటోలు తీయించుకున్నారు. అల్జీర్స్ స్టూడియోలో కట్టిన ఉత్తుత్తి ఊచలకూ ఈ స్టూడియో గోడలకూ తేడా, లోపలి స్త్రీ బొమ్మ ఎవరికి చేరాలో నిర్ణయించేది ఎవరన్నదే.

రాగిరేకు

రంగుల గురించి ఎవరూ ఎత్తలేదు కనుక ఒక్క మాట. ఎడారిగాలి గారి దగ్గర ట్యూనిస్ బజారుల రంగుల అచ్చులు ఉంటే అవి ఫోటోక్రోమ్‌లు కావచ్చు. 1880లలో జ్యూరిక్‌లోని ఓరెల్ ఫ్యూస్లీ కార్ఖానాలో పుట్టిన పద్ధతి. నలుపు తెలుపు నెగెటివ్ ఒక్కటే ఉంటుంది. కాంతికి గట్టిపడే తారు పూసిన ముద్రణ రాళ్ళను రంగుకొకటి చొప్పున ఆరింటి నుంచి పదిహేను దాకా తయారు చేసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసేవారు. ఏ బట్ట ఏ రంగో నెగెటివ్ చెప్పదు. ఫోటో తీసినవాడు రాసుకుని ఉంటే సరే, లేకుంటే స్విస్ పనివాడికి తోచిన ఎరుపే ట్యూనిస్ ఎరుపు.

అన్నట్టు పాతకాగితం గారూ, కత్తిరించిన భాగంలో ప్రచురణకర్త పేరు ఉండి ఉంటుంది. 1904లో ట్యూనిస్‌లో లేనెర్ట్, లాండ్రాక్ అనే ఇద్దరు మిత్రులు దుకాణం పెట్టి, సంఖ్యలు వేసిన ఇటువంటి గోధుమరంగు హీలియోగ్రావ్యూర్‌లు చాలా అమ్మారు. లేనెర్ట్ ఫోటోలు తీసేవాడు, లాండ్రాక్ వ్యాపారం చూసేవాడు. 1924లో వారు కైరోకు మారారు. అయితే ఇతరులూ అలాగే వేశారు, కాబట్టి పేరు లేకుండా వారిదేనని రాసుకోవద్దు.

పాతకాగితం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మళ్ళీ భూతద్దం పెట్టి గంటసేపు చూశాను. కూజా అంచు మీది తెల్లని మెరుపులో నూక గరుకే లేదు, నున్నగా ఉంది. రాగిరేకు గారు అనుమానించినట్టు అక్కడ రేకును సానపట్టి ఉంటారు. మగ్గంగుంట గారి మాట గుర్తొచ్చి కూజా వైపు కూడా చూశాను. మూతి చుట్టూ మట్టి పొడిగా, లేత రంగులో ఉంది. గడప మీద ఎక్కడా తడి మరక లేదు. నీళ్ళకు వెళ్ళి వచ్చిన కూజా కాదది. ఆమె కుడి పాదం బొటనవేలు మాత్రం పైకి బిగుసుకుని ఉంది, చాలాసేపు కదలకుండా కూర్చోబెడితే అలాగే అవుతుంది.

అట్ట వెనుక పెన్సిలుతో ఇలా రాశాను: ‘ఫోటోగ్రావ్యూర్. మూడు వైపులా రేకు గుర్తు, కింద కత్తిరింపు. అచ్చులో ట్యూనిస్ అని ఉంది. ప్రచురణకర్త తెలియదు. కూజా ఖాళీది. స్త్రీ పేరు రాయలేదు.’ చివరి వాక్యంలో ముందు ‘తెలియదు’ అని రాసి, చెరిపి మార్చాను. ఎడారిగాలి గారు ట్యూనిస్ వెళ్ళినప్పుడు ఆ మేకుల నగిషీ తలుపు ఏ వీధిలోనైనా కనిపిస్తే చెప్పగలరా? చేపల జంట, దాని పైన నెలవంక, కుడి రెక్కలో ఒక మేకు ఊడిపోయి ఉంది.

ఎడారిగాలి

వచ్చే నెలలో వెళుతున్నాను. బొమ్మలో తలుపు భాగాన్ని మాత్రమే పెద్దది చేసి పంపండి, పాత నగరంలో నడుస్తూ చూస్తాను. ఆమె ముఖం పంపనక్కరలేదు.